రెస్క్యూ చేసిన గుర్రం కోలుకుని, మళ్ళీ మనుషుల్ని నమ్మి, మంచి ఇంటికి దత్తత వెళ్ళేదాకా ఏం చేయాలి

గుర్రం లారీ దిగగానే ఎవరో ఒకరు గిన్నెడు ఉలవ గుగ్గిళ్ళు పట్టుకుని వస్తారు, ఇంకొకరు బెల్లం, ఇంకొకరు బ్రెడ్ ప్యాకెట్. అందరిదీ మంచి మనసే. కానీ మీరు చేయాల్సిన మొట్టమొదటి పని వాళ్ళందర్నీ గేటు దగ్గరే ఆపేయడం. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, చెన్నైలో మేము తెచ్చిన మొదటి గుర్రం, బీచ్‌లో సవారీలకి తిప్పి తిప్పి ఇక నడవలేదు అన్నాక వదిలేసిన మగ పోనీ (పొట్టి జాతి గుర్రం), దానికి రెండో రోజు నేనే నా చేత్తో అరకిలో ఉలవలు ఉడకబెట్టి పెట్టాను, ఆకలితో ఉన్నదానికి బలమైన తిండి పెడితే తప్పేముంది అనుకున్నా. నాలుగో రోజు తెల్లారేసరికి అది లేవలేదు, డాక్టర్ వచ్చేలోపే పోయింది. పస్తులున్న ఒంటికి ఒక్కసారిగా బలమైన తిండి పడితే ప్రాణం మీదకి వస్తుందని, దాన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారని అప్పటికి నాకు తెలీదు. అందుకే ఇందులో తిండి గురించి ఎక్కువ రాస్తాను, జీను గురించి తక్కువ.

నేను ఫాలో అయ్యే వరుస ఇది: ముందు పొట్ట, తర్వాత కాళ్ళు, తర్వాత నోరు, ఆ తర్వాతే మనసు. నొప్పితో ఉన్న గుర్రానికి ఏమీ నేర్పలేం, అది మొండితనం చేస్తోందని మనం అనుకునే చాలాసార్లు నిజానికి ఎక్కడో నొప్పి పెడుతుంటుంది.

గుర్రం రాకముందే

కాగితాలు చూసుకోండి. ఓనరే వదిలేస్తుంటే తెల్ల కాగితం మీదైనా సరే, ఈ గుర్రాన్ని నా ఇష్టంతో ఇచ్చేస్తున్నాను అని రాయించి సంతకం పెట్టించుకోండి, ఇద్దరు సాక్షులు, గుర్రం నాలుగు వైపులా ఫొటోలు. అలా కాకుండా 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద పోలీసులు పట్టుకున్న గుర్రం అయితే అది కేసు ప్రాపర్టీ, 2017 రూల్స్ ప్రకారం కేసు నడిచినంతకాలం సంరక్షణ మీ చేతిలో పెట్టొచ్చు, కానీ కోర్టు తేల్చేదాకా దత్తత ఇవ్వడానికి మీకు హక్కు లేదు. ఇది తెలీక ఎవరికో ఇచ్చేసి తర్వాత తిరిగి తెచ్చుకోలేక ఇబ్బంది పడ్డవాళ్ళని చూశాను.

రెండోది, వేరే గుర్రాలకి కనీసం మూడు వారాలు దూరంగా ఉంచే చోటు. వేరే బకెట్, వేరే బ్రష్, వేరే పార, ఆ గుర్రం పని చివర్లో చేసి చేతులు కడుక్కోవాలి. ఇది చాదస్తం కాదండి. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రాల నుంచి మనుషులకి కూడా వస్తుంది, ముక్కులోంచి జిగటగా చీము, చర్మం కింద గడ్డలు వరసగా లేచి పగలడం దాని లక్షణాలు, ఏ లక్షణమూ లేకుండా లోపల దాచుకున్నవీ ఉంటాయి. డాక్టర్‌తో రక్తం శాంపిల్ తీయించి టెస్టుకి పంపమనండి, హర్యానా హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ జబ్బు టెస్టులకి పెట్టింది పేరు. రిజల్ట్ వచ్చేదాకా గ్లవ్స్, మాస్క్. అదే శాంపిల్‌తో సర్రా కూడా చూడమనండి, జోరీగలు మోసుకొచ్చే జబ్బు, గుర్రం తింటూనే చిక్కిపోతుంది, జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, కాళ్ళు వాస్తాయి. మనం తిండి సరిపోలేదేమో అని ఇంకా పెడుతుంటాం, లోపల జబ్బు తినేస్తుంటుంది.

డాక్టర్ విషయం, ఊళ్ళో ఆవుల్ని చూసే డాక్టర్లు చాలామంది ఉంటారు, గుర్రాన్ని చూసిన అనుభవం ఉన్నవాళ్ళు తక్కువ, ముందే నంబర్ వెతికి పెట్టుకోండి. చెన్నైలో అయితే వేపేరి వెటర్నరీ కాలేజీ ఉంది, 1903 నుంచి నడుస్తున్న కాలేజీ, పెద్ద జంతువులకి అక్కడ వేరే విభాగమే ఉంది.

మొదటి రోజు

నీళ్ళు పెట్టండి, నీడ ఇవ్వండి, వదిలేయండి. శుభ్రమైన నీళ్ళు ఎప్పుడూ ముందు ఉండాలి. ఫొటోలు, వీడియోలు, చుట్టూ జనం వద్దు. గుర్రం కాస్త సర్దుకున్నాక నాలుగు చూసి నోట్‌బుక్‌లో రాయండి. టెంపరేచర్ 99 నుంచి 101.5 ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. దవడ ఎముక కింద వేలు పెడితే నాడి దొరుకుతుంది, నిమిషానికి 28 నుంచి 44, ఊపిరి 8 నుంచి 16. పెదవి ఎత్తి చిగురు మీద బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగుకి రావాలి. చెన్నై ఎండలో దిగగానే ఊపిరి కొంచెం ఎక్కువే ఉంటుంది, గంట ఆగి మళ్ళీ లెక్కపెట్టండి. ఇదంతా రోజూ ఉదయం సాయంత్రం, అదే నోట్‌బుక్‌లో, ఎందుకంటే ఒక్కరోజు అంకె కంటే నిన్నటికి ఇవాళ్టికి తేడా ముఖ్యం.

తర్వాత బరువు. గుర్రాన్ని తూచే కాటా ఎవరికీ ఉండదు, టైలర్ టేపు చాలు. ముందుకాళ్ళ వెనక నుంచి మూపు మీదుగా ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకోండి, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి దాకా పొడవు తీసుకోండి. చుట్టుకొలతని చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880 తో భాగిస్తే కిలోలు వస్తాయి. మా గౌరి, ఇప్పుడు నేను చెప్పబోయే ఆడగుర్రం, వచ్చిన రోజు చుట్టుకొలత 138, పొడవు 124, అంటే 199 కిలోలు. ఈ అంకె మందు డోసుకి కావాలి, తిండికి కావాలి, చివర్లో దాని మీద ఎవరు ఎక్కొచ్చు అనేదానికీ కావాలి, పారేసుకోకండి.

ఒళ్ళు ఎంత ఉందో చెప్పడానికి 1983 లో అమెరికాలో హెన్నెకె అనే ఆయన 1 నుంచి 9 దాకా ఒక స్కోరు పెట్టారు, చాలా దేశాల్లో అదే వాడుతున్నారు. 1 అంటే వెన్నుపూస, పక్కటెముకలు, తోక మొదలు అన్నీ పొడుచుకొచ్చి కనిపిస్తాయి, 5 అంటే పక్కటెముకలు కంటికి కనిపించవు కానీ చేత్తో తడిమితే తెలుస్తాయి. గౌరి 1 లో వచ్చింది. వాన నీళ్ళు దాని తుంటి ఎముకల మధ్య గుంటలో నిలబడటం నేను కళ్ళారా చూశాను.

మొదటి పది రోజుల తిండి

చాలాకాలం పస్తు ఉన్న ఒళ్ళు ముందు కొవ్వుని, తర్వాత కండని కరిగించుకుని బతుకుతుంది. అలాంటిదానికి ఒక్కసారిగా ఉలవలు, బియ్యం, మొక్కజొన్న, బెల్లం లాంటి పిండిపదార్థం పడితే ఇన్సులిన్ ఉప్పెనలా లేస్తుంది, రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం అన్నీ కణాల్లోకి లాగేసుకుంటుంది, రక్తంలో అవి పడిపోతే గుండె, ఊపిరి ఆగిపోతాయి. సాధారణంగా మూడు నుంచి అయిదు రోజుల్లో. మనం హమ్మయ్య తింటోంది అనుకునే రోజుల్లోనే అన్నమాట.

కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు ఆకలికి చిక్కిన గుర్రాల మీద పరిశోధన చేసి తేల్చింది ఏంటంటే, ఇలాంటి వాటికి దాణా కంటే లూసర్న్ ఎండుగడ్డి మంచిది, అందులో పిండి తక్కువ, ప్రొటీన్, ఫాస్ఫరస్, మెగ్నీషియం ఎక్కువ. తమిళంలో లూసర్న్‌ని కుదిరై మసాల్ అంటారు, కుదిరై అంటే గుర్రమే కదా, పేరులోనే ఉంది. పెద్ద గుర్రానికి, అంటే 450 కిలోల దానికి, మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి అరకిలో, రాత్రి కూడా. మన బీచ్ పోనీ అందులో సగం కూడా ఉండదు కాబట్టి రెండొందల గ్రాములు. చూస్తే గుప్పెడే ఉంటుంది, గుర్రం మన వైపు చూస్తుంది, గిట్టతో నేల గీరుతుంది, సకిలిస్తుంది, కడుపు తరుక్కుపోతుంది, అయినా అంతే పెట్టండి. నాలుగో రోజు నుంచి కొంచెం కొంచెం పెంచుతూ, పెట్టే సార్లు తగ్గిస్తూ, ఆరో రోజుకి పోనీకి ఎనిమిది గంటలకోసారి ఎనిమిది తొమ్మిది వందల గ్రాముల దాకా రావాలి. పది రోజులు దాటాక డాక్టర్ సరే అంటే గడ్డి తిన్నంత పెట్టొచ్చు. ఎండు లూసర్న్ దొరక్క పచ్చిది వాడితే గుర్తుంచుకోండి, అందులో మూడొంతుల పైన నీళ్ళే, బరువు నాలుగింతలు పెట్టాలి, కోసిన వెంటనే కాకుండా ఒక పూట నీడలో వాడ్చి పెట్టండి.

గౌరికి ఆ పది రాత్రులు అలారం పెట్టుకుని నేనూ మామా వంతులేసుకున్నాం. మామ అంటే మా షెడ్ చూసుకునే పెద్దాయన, గుమ్మిడిపూండి వైపు తెలుగాయన, వాళ్ళ నాన్న మద్రాసులో జట్కా తోలేవాడు, గుర్రం లద్దె చూసి జబ్బు చెప్పే మనిషి. ఆయన కూడా మొదట ఉలవలు పెట్టకుండా ఇదేం వైద్యమమ్మా అన్నాడు. అయిదో రోజు గౌరి తనంతట తను పడుకుని తనంతట తను లేచాక ఇంకేం అనలేదు.

నట్టల మందు మొదటి వారంలోనే వేసేయాలని అందరూ తొందరపెడతారు, వద్దు, నీరసంగా ఉన్న పేగులో ఒక్కసారిగా పురుగులు చస్తే అదే ప్రాణం మీదకి వస్తుంది. లద్దె టెస్టు చేయించి, ఎప్పుడు ఏది అనేది డాక్టర్‌నే చెప్పనివ్వండి. ధనుర్వాతం ఇంజెక్షన్ మాత్రం మొదటి రోజే అడగండి, పుండు ఉన్న గుర్రానికి అది చాలా తేలిగ్గా వస్తుంది.

బీచ్ నుంచి వచ్చిన గుర్రం అయితే ఇంకో పని ఉంది. ఇసుక మీద పడేసిన గడ్డి తిని తిని కడుపులో ఇసుక చేరిపోతుంది. నేలకి తగలని లద్దె ఉండలు నాలుగైదు తీసుకుని వాటర్ బాటిల్‌లో వేసి నీళ్ళు పోసి బాగా ఊపి పావుగంట కదపకుండా పెట్టండి. గౌరి బాటిల్ అడుగున వేలి మందం ఇసుక పేరుకుంది, బూడిద రంగులో, మెరీనా ఇసుక. దీనికి మన ఇళ్ళల్లో మలబద్ధకానికి వాడే ఇసబ్‌గోలే డాక్టర్లు ఇస్తారు, ఎంత, ఎన్ని రోజులు అనేది వాళ్ళు చెప్పినట్టే. గడ్డి మాత్రం ఇక ఎప్పుడూ రబ్బరు మ్యాట్ మీదో తొట్టిలోనో పెట్టండి.

ఆ తర్వాతి నెలల్లో

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఆవుకి పెట్టేదే గుర్రానికీ పెట్టడం. చెన్నై చుట్టుపక్కల ఎక్కడ చూసినా నేపియర్ గడ్డే, తేలిగ్గా దొరుకుతుంది, దానికి తోడు గోధుమ తవుడు. నేపియర్‌లో ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, తవుడులో ఫాస్ఫరస్ మరీ ఎక్కువ, రెండూ కలిస్తే గుర్రం తన ఎముకల్లోంచి కాల్షియం తీసుకోవడం మొదలుపెడుతుంది, మొహం ఎముకలు ఉబ్బుతాయి, కుంటుతుంది. నేపియర్ పూర్తిగా మానక్కర్లేదు, రోజూ లూసర్న్ కలపండి, తవుడు తగ్గించండి. కోళ్ళ దాణా, పశువుల దాణా మాత్రం అస్సలు దగ్గరికి రానివ్వకండి, వాటిల్లో కలిపే మోనెన్సిన్ అనే మందు కోడికి ఏమీ చేయదు, గుర్రం గుండెని ఆపేస్తుంది. బూజు పట్టిన వరిగడ్డి వద్దు. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది ఏదైనా పేగు మొత్తం దాటి పోవాల్సిందే.

నెలన్నర తర్వాత, ఒళ్ళు కాస్త పట్టాక, ఉలవలు కావాలంటే నానబెట్టి ఉడికించి గుప్పెడుతో మొదలుపెట్టండి. మొత్తం మీద గుర్రం ఉండాల్సిన బరువులో రోజుకి 2 శాతం ఎండు మేత లెక్క, అందులో గడ్డిదే పెద్ద వాటా. గౌరికి అయిదు నెలలు పట్టింది, చుట్టుకొలత 150, పొడవు 126, లెక్కేస్తే 239 కిలోలు.

పొర్లడం, డొక్క వైపు తిరిగి తిరిగి చూసుకోవడం, లద్దె వేయకపోవడం, ఈ మూడిట్లో ఏది కనిపించినా తిండి తీసేసి డాక్టర్‌కి ఫోన్ చేయండి. తెల్లారాక చూద్దాం అనుకోకండి.

కాళ్ళు, నోరు

డెక్క నెలకి సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది, పై నుంచి కింది దాకా మారడానికి ఏడాది పడుతుంది. అందుకే డెక్క మీద గీతలు చూస్తే గుర్రం గత ఏడాది చదివినట్టే, ఎప్పుడు పస్తు ఉందో, ఎప్పుడు జ్వరం వచ్చిందో ఆ గాట్లలో ఉంటుంది. పాత లాడాలు అరిగి వంకర తిరిగి ఉంటే తీయించేయండి, మళ్ళీ కొట్టించడానికి తొందరేం లేదు, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్కలు చెక్కించండి చాలు. పెద్దగా పెరిగిపోయిన డెక్కని ఒకేసారి కోసేస్తే కాలి స్నాయువులు, కీళ్ళు తట్టుకోలేవు, రెండు మూడు దఫాలుగా. రోజూ అడుగు భాగం గీకి శుభ్రం చేయండి, మధ్యలో మెత్తగా ఉండే చోట నల్లగా కుళ్ళి, ఒక్కసారి వాసన చూస్తే మర్చిపోలేని కంపు కొడుతుంటే అది తడి వల్ల వచ్చింది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన వానల్లో ఇది తప్పదు, షెడ్‌లో ఒక మూలైనా ఎత్తుగా, పొడిగా ఉండాలి.

నోరు చూపించండి. గడ్డి నమిలి నమిలి ఉండలు చేసి కింద పడేస్తుంటే పళ్ళ అంచులు కత్తుల్లా పెరిగాయని అర్థం, మత్తు ఇచ్చి రాపిస్తే వారంలో తిండి తీరే మారిపోతుంది. పెదాల మూలల్లో తెల్ల మచ్చలు, నాలుక మీద పాత కోత ఉంటే ముళ్ళ కళ్ళెం వాడారన్నమాట. అలాంటి ముళ్ళ కళ్ళెం వాడకూడదని బండి లాగే, బరువు మోసే జంతువుల గురించిన 1965 రూల్స్‌లోనే ఉంది, అయినా ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు, తీసేసిన కళ్ళేన్ని చేతిలో పట్టుకున్నప్పుడు నాకు ఇప్పటికీ కోపం ఆగదు. ఇలాంటి గుర్రానికి కనీసం మొదటి ఆరు నెలలు నోట్లో ఏమీ పెట్టొద్దు, మెత్తని హాల్టర్, అంటే నోట్లో ఏమీ లేకుండా తలకి వేసే పట్టీ, చాలు.

జీను పుండ్లని సెలైన్‌తో కడిగి, డాక్టర్ ఇచ్చిన మందు పూయండి. టర్పెంటైన్, పసుపు, ఇంజిన్ ఆయిల్ లాంటివి ఎవరు చెప్పినా వద్దు. మానినచోట తెల్ల వెంట్రుకలు వస్తాయి, అవి అలాగే ఉండిపోతాయి.

మనసు, ఇక్కడే నిజమైన ట్రైనింగ్

తిండి కుదిరిన మూడో వారంలో మొదలుపెట్టొచ్చు. ఒక్క సంగతి ముందే తేల్చుకోండి, మీరు ఈ గుర్రాన్ని మీకోసం తయారు చేయట్లేదు. రేపు ఎవరో కొత్త మనిషి, మీ అంత ఓపిక లేని మనిషి, హెల్మెట్ పెట్టుకుని, గొడుగు పట్టుకుని, తప్పు వైపు నుంచి దాని దగ్గరికి వస్తాడు, అప్పుడు కూడా అది భయపడకుండా నిలబడాలి. మీ ఒక్కరికే అలవాటైన గుర్రం దత్తతకి ఇంకా సిద్ధం కానట్టే.

మొదటి వారం ఏమీ చేయకండి. బోర్లించిన బకెట్ మీద దానికి కాస్త పక్కకి తిరిగి కూర్చోండి, కళ్ళల్లోకి చూడకండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. గుర్రానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది కానీ సరిగ్గా ముక్కు ముందు, సరిగ్గా తోక వెనక కనిపించదు, అందుకే ఎదురుగా నడుచుకుంటూ వెళ్ళి మొహం తట్టొద్దు, భుజం వైపు నుంచి వెళ్ళండి. అది తల తిప్పి మిమ్మల్ని చూడగానే ఆగండి, చెవులు వదులయ్యాక వెనక్కి రండి. దగ్గరికి వెళ్ళడం కంటే సరైన టైమ్‌లో వెనక్కి రావడమే దానికి నమ్మకం ఇస్తుంది. మొదటిసారి ముట్టుకునేది మూపు దగ్గర, తట్టడం కాదు, గోళ్ళతో గోకడం, గుర్రాలు ఒకదానికొకటి అక్కడే గోక్కుంటాయి, అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని కూడా కొలిచి చూశారు. పై పెదవి ముందుకి సాగి వణుకుతుంటే సరైన చోటు దొరికినట్టు.

హాల్టర్‌తో నడిపించడం ఒత్తిడి, విడుపు అనే రెండు మాటల మీదే నడుస్తుంది. తాడు మీద చిటికెడు బరువు పెట్టండి, పెంచకండి, తగ్గించకండి, అది ఒక్క అంగుళం బరువు మీవైపు వేసినా ఆ క్షణమే తాడు వదులు చేయండి. గుర్రం నేర్చుకునేది లాగుడు వల్ల కాదు, వదిలిన క్షణం వల్ల. రెండు సెకన్లు ఆలస్యంగా వదిలితే అది ఇంకేదో నేర్చుకుంటుంది. రోజుకి రెండుసార్లు, పది పదిహేను నిమిషాలు, బాగా చేసిన దగ్గరే ఆపేయండి. మన ఎండకి తెల్లవారుజామున అయిదున్నర, మళ్ళీ సాయంత్రం. చెన్నై ఉక్కపోతకి కొన్ని గుర్రాలకి చెమట పట్టడమే ఆగిపోతుంది, పని చేశాక ఒళ్ళు పొడిగా ఉండి ఊపిరి మాత్రం వేగంగా కొడుతుంటే వెంటనే నీడలోకి తీసుకెళ్ళి ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూనే ఉండండి, డాక్టర్‌కి చెప్పండి. మే నెల కత్తిరి ఎండల్లో ట్రైనింగే మానేయండి, నష్టమేం లేదు.

కాళ్ళు ఎత్తించడం మామ దగ్గర నేర్చుకున్నా. భుజం నుంచి కిందికి చెయ్యి జారుస్తూ వెళ్ళి, చీలమండ దగ్గర మెల్లగా నొక్కి, డెక్క నేల మీంచి లేవగానే, అది లాక్కోకముందే మనమే కిందపెట్టేయాలి. మొదటిరోజు ఒక్క సెకను. రెండో వారానికి అరనిమిషం. "కాలు ఇమ్మని అడగాలమ్మా, గుంజుకోకూడదు" అంటాడు మామ.

గౌరికి అన్నిటికంటే కష్టమైంది చెయ్యి. ఒకరోజు జుట్టు ముడేసుకుందామని రెండు చేతులూ పైకెత్తానంతే, అది వెనక్కి విసురుగా పడి గోడకి కొట్టుకుంది, కంట్లో తెల్లగుడ్డు కనిపిస్తోంది, ఒళ్ళంతా వణుకు. బీచ్‌లో ఎత్తిన చెయ్యి అంటే దానికి కొరడా అని ఒక్కటే అర్థం. తర్వాత ఆరు వారాలు రోజూ ఇదే పని. పది అడుగుల దూరంలో నిలబడి చెయ్యి నడుము దాకా, అది ఊపిరి వదిలి తల దించితే చెయ్యి కిందికి. రెండు రోజుల తర్వాత ఛాతీ దాకా. భుజం దాకా. ఒక అడుగు దగ్గరికి, మళ్ళీ నడుము నుంచి మొదలు. తప్పుగా తొందరపడిన రోజు మళ్ళీ వారం వెనక్కి. ఒకరోజు దండెం మీద టవల్ ఆరేస్తూ పక్కకి చూస్తే గౌరి రెండడుగుల దూరంలో గడ్డి నముల్తోంది, నా చెయ్యి తలకి పైన ఉంది, దాని చెవి ఒక్కటి నావైపు తిరిగి మళ్ళీ గడ్డి వైపు తిరిగిపోయింది. నేను టవల్ అలాగే పట్టుకుని కాసేపు నిలబడిపోయాను.

గుర్రం ఎక్కడినుంచి వచ్చిందో దాన్నిబట్టి భయాలు వేరే. జట్కాకి కట్టినదానికి ఎప్పుడూ కళ్ళకి గంతలుంటాయి, తీసేశాక పక్కన కదిలే ప్రతిదీ దానికి కొత్తే. రేసుల నుంచి వచ్చినదానికి నడక నేర్పాలి, పరుగు కాదు, పక్కన ఇంకో గుర్రం కదిలితే ఇదీ లేస్తుంది. పెళ్ళి గుర్రం డప్పులకి కదలకుండా నిలబడితే అది ధైర్యం అనుకోవద్దు, కొన్ని భయంతో బిగుసుకుపోయి నిలబడతాయి, ముక్కు రంధ్రాలు, తోక బిగువు చూస్తే తెలుస్తుంది.

శబ్దాలకి ఫోన్‌లో టపాకాయల రికార్డింగ్ బాగా తక్కువ సౌండ్‌లో, గడ్డి తినేటప్పుడు, దీపావళికి రెండు నెలల ముందు నుంచే మొదలుపెట్టండి. ప్లాస్టిక్ కవర్, గొడుగు, బైక్, ఆటో హారన్, కుక్కలు, అన్నీ దూరం నుంచి దగ్గరికి. చివరి నెలలో కొత్త మనుషుల్ని పిలవండి, రోజుకొకరు, పొడుగువాళ్ళు, పిల్లలు, లుంగీ కట్టినవాళ్ళు, ఒక్కొక్కరూ హాల్టర్ వేసి, పది అడుగులు నడిపించి, ఒక కాలు ఎత్తి వదిలేయాలి. మెడ మీద చర్మం చిటికెతో పట్టి వదలడం కూడా అలవాటు చేయండి, ఇంజెక్షన్ సులువవుతుంది. లారీ ఎక్కడం మాత్రం దత్తత రోజు మొదటిసారి కాకూడదు, ఖాళీ లారీని నిలబెట్టించి, ర్యాంప్ మీద గడ్డి పెట్టి, ఎక్కి దిగడం పదిసార్లు చేయించండి, ఎక్కిన ప్రతిసారీ ఎక్కడికో పోవడమే కాదని దానికి తెలియాలి.

సవారీ సంగతి

అందరూ అడిగేది ఇదే, ఎప్పుడు ఎక్కొచ్చు అని. స్కోరు 5 కి రావాలి, వీపు తడిమితే నొప్పి ఉండకూడదు, డాక్టర్ సరే అనాలి, అప్పుడు కూడా జీనుతో కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదు. గౌరి బాగా కోలుకున్నాక 239 కిలోలు కదా, 20 శాతం అంటే 48 కిలోలు లోపే, జీను తీసేస్తే పిల్లలే మిగిలారు. మన బీచ్ పోనీల్లో చాలావాటి లెక్క ఇంతే, పెద్దవాళ్ళు ఎక్కే గుర్రాలు కావవి, ఎప్పుడూ కావు. కాబట్టి గౌరిని సవారీ లేని తోడు గుర్రంగానే రాశాం. ఎక్కడానికి పనికిరాని గుర్రాన్ని ఎవరు తీసుకుంటారు అని భయపడకండి, ఒంటరిగా ఉన్న ఇంకో గుర్రం కోసం తోడు వెతికేవాళ్ళు ఉంటారు.

ఇల్లు వెతకడం

మీరే వెళ్ళి చూడండి, వీడియో కాల్ చాలదు. ముళ్ళకంచె ఉంటే వద్దనండి. పోనీకి కనీసం పదడుగులకి పదడుగులు పొడి చోటు, నీడ, పక్కన ఇంకో గుర్రమో గాడిదో ఉండాలి, గుర్రం మందలో బతికే ప్రాణి, ఒక్కదాన్నే కట్టేస్తే గోడ కొరుకుతూ, ఊగుతూ పాడైపోతుంది. ఈసీఆర్‌లో (చెన్నై తీరం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఫామ్‌హౌస్ ఉందండి, గేటు దగ్గర గుర్రం ఉంటే బావుంటుంది అనేవాళ్ళకి మర్యాదగా లేదని చెప్పండి. అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, రాత్రి రెండింటికి గుర్రం పొర్లుతుంటే మీ ఇంట్లో ఎవరు లేస్తారు? తడుముకోకుండా ఒక పేరు చెప్పగలిగిన ఇల్లే మంచి ఇల్లు. మాకు రెడ్‌హిల్స్ దాటాక ఒక తెలుగు కుటుంబం దొరికింది, ఇంటి పెద్దావిడ ఆ ప్రశ్నకి "నేనే లేస్తానమ్మా, నాకెలాగూ నిద్ర పట్టదు" అంది, అక్కడే నిర్ణయం అయిపోయింది.

మొదటి నెల ట్రయల్‌గా ఇవ్వండి, గుర్రం మీ పేరు మీదే ఉంటుంది. ఒప్పందంలో నాలుగు మాటలు తప్పనిసరి: అమ్మకూడదు, ఈనించకూడదు, కిరాయి సవారీకి తిప్పకూడదు, ఉంచుకోలేకపోతే మాకే తిరిగివ్వాలి. మగగుర్రం అయితే ముందే విత్తులు తీయించి, పుండు మాని, కొన్ని వారాలు గడిచాకే పంపండి. మైక్రోచిప్ వేయించండి. గ్లాండర్స్ రిపోర్టు, వ్యాక్సిన్ కార్డు, ఆ రోజువారీ నోట్‌బుక్ కాపీ, దేనికి భయపడుతుందో ఒక పేజీ, అన్నీ చేతికివ్వండి. భయాలు దాచిపెట్టి ఇస్తే రెండు నెలల్లో గుర్రం వెనక్కి వస్తుంది, అప్పటికి ఇంకో భయం కూడా తెచ్చుకుంటుంది.

పంపే రోజు తెల్లవారుజామునే బయల్దేరండి. మీరు పెట్టే గడ్డే రెండు వారాలకి సరిపడా లారీలో వేయండి, కొత్త ఇంటి గడ్డి అందులో రోజుకి కాస్త కలుపుతూ మార్చాలి, లేకపోతే కొత్త తిండికే కోలిక్, అంటే ప్రాణం మీదకి తెచ్చే కడుపునొప్పి, వస్తుంది. పాత హాల్టర్ మీద అలాగే ఉంచండి, పాత నీళ్ళ బకెట్ కూడా ఇచ్చేయండి, కొన్ని గుర్రాలు కొత్త బకెట్‌లో రెండు రోజులు నీళ్ళు ముట్టవు. గౌరి ముట్టింది.